మధుమేహము - మెదడు: తల్లిదండ్రులు తెలిసికొనవలసిన విషయములు

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున జరిగిన తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయులు పరీక్షా ఫలితములను గూర్చియు, పాఠశాల అవసరములను గూర్చియు మాటలాడుట వాడుక. ఆ విషయములన్నియు నివేదికలో ఉన్నవి. కావున మాకు లభించిన ఈ కొద్ది కాలమును వేరొక విషయమునకు వినియోగింపదలచితిమి. చక్కెరజబ్బు కన్నులకును, మూత్రపిండములకును, పాదములకును హాని చేయునని మీలో పెక్కుమంది విని యుందురు. రక్తములో చక్కెర మితిమీరి పెరిగినచో అది మెదడునుగూడ దెబ్బతీయుననియు, ఆ ప్రమాదము బడికి వచ్చు పసిపిల్లలకుగూడ కలుగవచ్చుననియు విన్నవారు తక్కువ. అందుచేతనే నేడు ఈ విషయమును ఎన్నుకొంటిమి.

మేము వైద్యులము కాము. చికిత్స చెప్పుట మా పని కాదు. కాని పిల్లవానిని వైద్యుని యొద్దకు ఏ దినమున తీసికొనిపోవలెనో నిర్ణయించువారు వైద్యులు కారు. ఇంటియొద్ద తల్లిదండ్రులు, బడియొద్ద ఉపాధ్యాయులు. మా ప్రసంగమంతయు ఆ ఒక్క నిర్ణయమును గూర్చియే.

మొదట వ్యాధి స్వరూపమును కొంచెము చూతము. మెదడు మన శరీరపు బరువులో నూటికి రెండు వంతులు మాత్రమే. ఐనను శరీరము ఖర్చుచేయు శక్తిలో సుమారు ఐదవవంతు అదియే పుచ్చుకొనును. ఆ శక్తి ముఖ్యముగా రక్తములోని గ్లూకోజు అను చక్కెరనుండి లభించును. ఉదయమున ఏమియు తినకముందు ఆరోగ్యవంతుని రక్తములో, 100 మిల్లీలీటర్లకు, 70 మొదలు 100 మిల్లీగ్రాముల వరకు చక్కెర ఉండును. అది 126 గాని, అంతకు మించి గాని ఉన్నచో మధుమేహమని వైద్యులు నిర్ణయింతురు. ఈ చక్కెరను అదుపులో ఉంచునది ఇన్సులిను. అది పొట్టలోని క్లోమమునుండి పుట్టును.

పెద్దలలో సాధారణముగా కనబడు మధుమేహములో ఇన్సులిను ఉండును గాని, చాలదు. లేదా సరిగా పనిచేయదు. భారత వైద్య పరిశోధనా మండలివారి సర్వే ఫలితములు 2023లో వెలువడినవి. వాని ప్రకారము మన దేశమున సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహము కలదు. పిల్లలకు వచ్చు మధుమేహము ఎక్కువగా వేరొక జాతికి చెందినది. శరీరమును కాపాడవలసిన రక్షణశక్తియే పొరబడి, క్లోమములో ఇన్సులినును తయారుచేయు కణములను నాశనము చేయును. ఇది మిఠాయిలు తినుటవలన రాదు. తల్లి పెంపకములోని లోపమువలనను రాదు. ఏ ఇంటి బిడ్డకైనను రావచ్చును. ఈ సంగతిని మీరు ముందుగా మనస్సున ఉంచుకొనవలెనని కోరుచున్నాము. ఏలననగా నింద మోయవలసి వచ్చునను భయముచేత వ్యాధిని దాచు కుటుంబములు కొన్ని కలవు.

ఇన్సులిను లేనిచో ఏమి జరుగునో చూడుడు. రక్తములో చక్కెర 180 దాటినచో మూత్రపిండములు దానిని పట్టి నిలుపలేవు. అది మూత్రములోనికి పోవును. పోవుచు నీటినిగూడ వెంటబెట్టుకొని పోవును. అందుచేత బిడ్డ మాటిమాటికి మూత్రమునకు పోవును. ఎంత త్రాగినను దాహము తీరదు. తినుచున్నను చిక్కిపోవును. రక్తములో చక్కెర పుష్కలముగా ఉన్నను శరీరము దానిని వాడుకొనలేక క్రొవ్వును కరగించుకొనును. అప్పుడు కీటోనులు అను ఆమ్ల పదార్థములు రక్తములో చేరును. కడుపునొప్పి, వాంతులు మొదలగును. నోటినుండి మాగిన పండువంటి వాసన వచ్చును. శ్వాస లోతుగా, వేగముగా నడచును. ఈ శ్వాసను 1874లో జర్మనీ దేశపు వైద్యుడు ఆడోల్ఫ్ కుస్మాల్ వర్ణించెను; నేటికిని అది ఆయన పేరనే పిలువబడుచున్నది. ఆ పిమ్మట బిడ్డ మగతలో పడును. తుదకు స్పృహ తప్పును.

ఈ దశలో మెదడు రెండు విధముల బాధపడును. ఒంటిలోని నీరు తరిగి రక్తము చిక్కబడుటచేత మెదడునకు రక్తప్రసారము తగ్గును. మెదడు కణములలోని నీరు బయటికి లాగబడును. ఇది మొదటిది. రెండవది అంతకంటె భయంకరమైనది. కొందరు పిల్లలలో మెదడు వాచును. చేయి వాచినచో చర్మము సాగి చోటిచ్చును. పుర్రె ఎముక పెట్టె గదా, అది సాగదు. వాచిన మెదడు క్రిందికి ఒరసికొని, శ్వాసను నడపు కాండభాగమును నొక్కును. ఈ వాపు సాధారణముగా చికిత్స ఆరంభించిన మొదటి పండ్రెండు గంటలలో కనబడును. ఒక్కొక్కప్పుడు ఆసుపత్రికి చేరకముందే ఆరంభమగును. తలనొప్పి, మరల మరల వాంతులు, పెరుగుచున్న మగత, నాడి మందగించుట దీని గుర్తులు. కీటోనులు పెరిగి ఆసుపత్రికి వచ్చిన పిల్లలలో నూటికి ఒకరికో, అంతకంటె తక్కువమందికో ఇది కలుగును. సంఖ్య చిన్నదే. కాని కలిగినవారిలో నాలుగవవంతు లేక ఐదవవంతు మంది మరణింతురు. బ్రదికినవారిలో కొందరికి అవిటితనము మిగులును. ఐదేండ్ల లోపు పసివారికిని, వ్యాధి ఉన్నదని ముందు తెలియక మొదటిసారి వచ్చినవారికిని ప్రమాదము ఎక్కువ.

చాలకాలము వైద్యులు ఈ వాపునకు కారణము సెలైనును త్వరగా ఎక్కించుటయే యని తలచిరి. 2018లో అమెరికాలోని 13 ఆసుపత్రుల వైద్యులు తమ పరిశోధన ఫలితమును ప్రకటించిరి. పిల్లలలో 1,389 పర్యాయములు వచ్చిన ఈ వ్యాధిస్థితిని వారు పరిశీలించిరి. సెలైనును వేగముగా ఎక్కించినను, మెల్లగా ఎక్కించినను మెదడునకు కలుగు హానిలో చెప్పదగిన భేదము కనబడలేదు. ఇందు తల్లిదండ్రులు గ్రహింపవలసినదేమి? బిడ్డ ఆసుపత్రి గడప త్రొక్కునాటికి రక్తము ఎంత ఆమ్లమయమైనదో, ఒంటిలోని నీరు ఎంత తరిగినదో అన్న దానిమీద ప్రమాదము మిక్కిలి ఆధారపడి యున్నది. గడపకు ఈవల కాలమంతయు మన చేతిలోనిది. ఒక్క దినము ముందు చేరుట ఎంతో మేలు.

బడి నడుపువారముగా మాకు కలవరము కలిగించు సంగతి మరియొకటి ఉన్నది. మెదడు పైకి కనబడునట్లు వాయకపోయినను, ఈ తీవ్రస్థితిని ఒకసారి అనుభవించిన చిన్నపిల్లల జ్ఞాపకశక్తిలోను, ఏకాగ్రతలోను కొంత తగ్గుదల ఉండవచ్చునని ఇటీవలి పరిశోధనలు తెలుపుచున్నవి. ఎక్కములు మరచు బాలుని సోమరి యనుటకు ముందు వాని ఆరోగ్యచరిత్రను విచారించుట ఉపాధ్యాయుని ధర్మము.

ఇక ఈ వ్యాధి మన పల్లెలలో ఎట్లు దారితప్పునో ఒక ఉదాహరణమును ఊహించి చెప్పెదము. చేళూరు వైపు పల్లెనుండి వచ్చు పదేండ్ల బాలిక అనుకొనుడు. నెల చైత్రము. నీళ్లు ఎక్కువ త్రాగుచున్నది. ఎండలు గదా యని ఇంటివారు ఊరుకొందురు. తరగతిలో మాటిమాటికి బయటికి పోవుటకు అనుమతి అడుగును. ఉపాధ్యాయుడు అల్లరి యనుకొనును. ఎన్నడో మానిన అలవాటు తిరిగివచ్చి రాత్రులందు పక్క తడుపును, అవ్వ గద్దించును. రెండు వారములలో పావడ నడుము వదులగును. ఎదుగుచున్న పిల్ల యందురు. నీరసముగా ఉన్నదని గ్లూకోజు పొడి కలిపిన నీళ్లు, చెరకురసము, సీసా పానీయములు ఇత్తురు. ఆరుచున్న పొయ్యిలో కట్టెలు త్రోసినట్లు ఇవి చక్కెరను మరింత పెంచును. పిమ్మట వాంతులు, అజీర్ణమందురు. కడుపునొప్పి, నులిపురుగులందురు. ఎగశ్వాస, నెమ్ము అందురు. మగత, గాలి సోకినదని తాయెత్తు కట్టుదురు. ఇట్లు ఒక్కొక్క గుర్తునకు ఒక్కొక్క సమాధానము దొరకును. అన్నిటికిని కలిపి ఒకే సమాధానము ఉన్నదని ఎవరికిని తోచదు. బాగేపల్లినుండి బెంగుళూరు సుమారు 100 కిలోమీటర్లు. ఆ దారి పట్టునప్పటికి బిడ్డకు స్పృహ ఉండదు.

అమ్మలారా, అయ్యలారా, ఈ కథలో తీరని దాహము, అతిమూత్రము, పక్క తడుపుట, చిక్కిపోవుట అను నాలుగు గుర్తులు మొదటి రెండు వారములలోనే కనబడినవి. ఆ దినములలో ఎప్పుడైనను వ్రేలి కొననుండి ఒక్క బొట్టు రక్తము తీసి షుగరు మిషనుపై చూచినచో, నిమిషములోపల సంగతి బయటపడి యుండును.

ఇది మేము ఊహించి చెప్పు మాట కాదనుటకు నిదర్శనము కలదు. ఇటలీ దేశమున పార్మా అను మండలమున్నది. అచట 1991లో వైద్యులు 177 పాఠశాలలలో ఒక గోడపత్రికను అంటించిరి. పక్క తడుపుట మానిన బిడ్డ మరల తడుపుచున్నచో, దాహము, మూత్రము అధికమైనచో, వెంటనే చక్కెర పరీక్ష చేయింపుడని దానిలోని సారాంశము. ఉపాధ్యాయులకును, తల్లిదండ్రులకును, పిల్లల వైద్యులకును ఇదే సంగతి బోధించిరి. అంతకుముందు అచట క్రొత్తగా మధుమేహము బయటపడిన పిల్లలలో నూటికి 78 మంది కీటోనుల తీవ్రస్థితిలోనే ఆసుపత్రికి వచ్చుచుండిరి. ఆ ప్రచారము జరిగిన 1991-1997 సంవత్సరములలో ఆ సంఖ్య నూటికి 12 లేక 13కు దిగివచ్చెను. క్రొత్త మందు ఏదియు కనిపెట్టబడలేదు. గోడపై ఒక కాగితము, దానిని చదివిన తల్లిదండ్రులు - ఇంతే.

వ్యాధి బయటపడినచో బ్రదుకు ముగిసినదని ఎవ్వరును దిగులు పడవద్దు. మన చరక సుశ్రుత సంహితలలో మధుమేహ ప్రస్తావన కలదు. కాని ఇన్సులిను దొరకువరకు ఈ జాతి మధుమేహము సోకిన పిల్లలు ఎక్కువకాలము బ్రదుకువారు కారు. 1921లో కెనడా దేశమున టొరంటో నగరమందు బాంటింగ్, బెస్ట్ అనువారు మాక్లియడ్ ప్రయోగశాలలో ఇన్సులినును వేరుచేసిరి. కోలిప్ అను శాస్త్రజ్ఞుడు దానిని శుద్ధిచేసెను. 1922 జనవరి 11న లెనార్డ్ థాంప్సన్ అను 14 ఏండ్ల బాలునకు మొదటి సూదిమందు వేసిరి. అది సరిగా పనిచేయలేదు. శుద్ధిచేసిన మందును అదే నెల 23న వేయగా రక్తములోని చక్కెర దిగెను. నేడో రేపో యన్న ఆ బాలుడు మరి 13 సంవత్సరములు జీవించెను. నేడు ఇన్సులినుతో పిల్లలు చదువుకొని, ఆటలాడి, ఉద్యోగములు చేసి, వృద్ధులగుచున్నారు.

ఐతే ఒక నియమము తప్పరాదు. ఈ పిల్లలకు ఇన్సులిను అన్నమువంటిది. జ్వరము వచ్చినదనియో, అన్నము తినలేదనియో, పసరుమందు దొరకినదనియో, పండుగకు చుట్టములింటికి పోయినామనియో దానిని నిలుపరాదు. జ్వరములో చక్కెర ఇంకను పెరుగును. మోతాదు ఎంతయో వైద్యుని అడుగవలెనే గాని మానరాదు. మరియొక సంగతి. ఇన్సులిను పుచ్చుకొను బిడ్డకు చక్కెర మిక్కిలి తగ్గుటయు కలదు. అప్పుడు చెమట, వణుకు, ఆకలి, తికమక కలుగును. స్పృహలో ఉన్నచో వెంటనే చక్కెర గాని, తియ్యని పానీయము గాని ఇయ్యవలెను. స్పృహ లేనిచో నోట ఏమియు పోయరాదు. రెండు స్థితులలోను పిల్లవాడు మగతగానే కనబడును. కావున అట్టి బిడ్డ ఇంటిలో షుగరు మిషను ఉండుట అవసరము.

పిల్లలను గూర్చి చెప్పితిమి. మీ ఇండ్లలోని అవ్వతాతలను గూర్చియు ఒక మాట చెప్పక తప్పదు. వృద్ధులలో కీటోనులు అంతగా చేరకయే చక్కెర 600 దాటి పెరుగు స్థితి ఒకటి కలదు. జ్వరము, పుండు, మూత్రమార్గపు చీము, మాత్రలు మానుట, ఎండకాలములో నీరు త్రాగకుండుట దీనికి దారితీయును. ఇది దినముల తరబడి మెల్లగా ముదురును. తాత పొంతనలేని మాటలు పలుకును, మనుష్యులను గుర్తింపలేడు, ఒక ప్రక్క చేయి, కాలు పడిపోవచ్చును, ఒక ప్రక్కయే మూర్ఛవలె కొట్టుకొనవచ్చును. ఇంటివారు పక్షవాతమనియో, ముసలితనపు చాదస్తమనియో తలతురు. చక్కెరను, నీటిని సరిచేసినచో ఈ గుర్తులు పెక్కుమందిలో తొలగిపోవును. ఉపేక్షించినచో, ఈ స్థితి పదిమందిలో ఒకరిద్దరి ప్రాణము తీయును. నిజమైన పక్షవాతమైనను ఆసుపత్రికి త్వరగా చేరుటయే మేలు. కావున వాదనతో కాలము పుచ్చక మొదట చక్కెర చూపించుడు. 30 ఏండ్లు దాటిన పెద్దలకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో ఈ పరీక్ష ఉచితముగా చేయుదురు. పిల్లలకు మాత్రము ఎవ్వరును పిలిచి పరీక్ష చేయరు, మనమే అడుగవలెను.

అడుగుట యనగా భాషా సమస్య వచ్చును. మనము ఇంటిలో తెలుగు మాటలాడువారము. ఆసుపత్రిలో కన్నడమో, ఇంగ్లీషో వినబడును. సంకోచముచేత తల్లి మాటలాడక నిలిచినచో, వాంతులకు మందు పుచ్చుకొని తిరిగివచ్చును. దాహము సంగతి, పక్క తడుపు సంగతి చెప్పకయే మిగిలిపోవును. మన చక్కెరజబ్బును కన్నడమున సక్కరె కాయిలె యందురు. "మగువిన రక్తదల్లి సక్కరె పరీక్షె మాడి" అను ఒక్క వాక్యమును నేర్చుకొనుడు. బిడ్డ రక్తములో చక్కెర పరీక్ష చేయుడని దాని యర్థము. మాతృభాషలో విషయమును గ్రహించి, రాజ్యభాషలో సహాయమును అడుగగలుగుట - మన పాఠశాల పిల్లలకు నేర్పు విద్య ఇదియే. అది పెద్దలకును ఉపకరింపవలెను.

తుదకు మేము కోరునవి మూడు. మొదటిది: పైన చెప్పిన నాలుగు గుర్తులలో ఏవేని రెండు కనబడినచో, మరునాటికి వాయిదా వేయక, ఆ దినముననే ఆరోగ్య కేంద్రములోనో, తాలూకా ఆసుపత్రిలోనో చక్కెర పరీక్ష చేయింపుడు. రెండవది: దాహముతో గూడిన వాంతులు, ఎగశ్వాస, మగత కనబడినచో ఊరి మందులతో ప్రొద్దు గడుపక 108కు ఫోను చేయుడు, స్పృహలో ఉన్నచో మంచినీరు కొద్దికొద్దిగా ఇయ్యవచ్చును, స్పృహ లేనిచో ప్రక్కకు తిప్పి పరుండబెట్టుడు. మూడవది: ఈ సంగతిని మీ వీధిలో చదువురాని ఒక తల్లికైనను చెప్పుడు.

మా వంతు పనిని మేము చేయుదుము. ఈ గుర్తులను తెలుగునను, కన్నడమునను వ్రాసి నీళ్ల కుళాయి ప్రక్కన, మరుగుదొడ్డి దారిలో, పిల్లలందరు చూచుచోట అంటింతుము. దాహమునకు గాని, మూత్రమునకు గాని బయటికి పోవుటకు అనుమతి అడిగిన బిడ్డను ఏ ఉపాధ్యాయుడును ఆపడు. ఒకే బిడ్డ మాటిమాటికి అడుగుచున్నచో ఆ సాయంకాలమే ఇంటికి వర్తమానము పంపుదుము. అట్టి వర్తమానము మీకు చేరినప్పుడు, బిడ్డ తప్పు చేసెనేమోయని కోపగించుకొనక, వెంట బెట్టుకొని పరీక్షకు పోవుడని ప్రార్థించుచున్నాము.

చదువు చెప్పుట మా బాధ్యత. ఆ చదువు నిలుచుటకు చోటైన మెదడును కాపాడుట మన ఉభయుల బాధ్యత.  మీ బిడ్డలు ఆయురారోగ్యములతో వర్ధిల్లుదురు గాక.